చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (నవంబరు 10, 1798 - డిసెంబరు 12, 1884) తెలుగు భాషకు, సాహిత్యానికి విశేషమైన సేవ చేసిన ఆంగ్లేయ అధికారి, నిఘంటుకర్త, గ్రంథ పరిష్కర్త. తెలుగువారికి ఈయన సి.పి.బ్రౌన్‌గా, బ్రౌను దొరగా సుపరిచితుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూనే, సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను నియమించుకొని, తాటాకులపై శిథిలమవుతున్న తెలుగు కావ్యాలను కాగితం మీదికి, అక్కడి నుండి అచ్చులోకి తీసుకువచ్చాడు. 1852లో వెలువడిన ఈయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు నేటికీ వాడుకలో ఉంది.

బ్రౌను పనిచేసిన కాలంలో తెలుగు రాతకు మూడు వేరువేరు సాధనాలు పక్కపక్కనే నడుస్తూ ఉండేవి. గ్రంథాలకు తాటాకు, గంటం. కచ్చేరీ వ్యవహారాలకు కాగితం, కలం. అప్పుడప్పుడే మద్రాసులో కాలూనుతున్న సీసపు అచ్చు అక్షరాలు. ఒకదానిలో రాసినది మరొకదానిలోకి యథాతథంగా మారేది కాదు. అక్షరాల తీరు, పదాల విరుపు, దిద్దుబాటు పద్ధతి, చదివే అలవాటు అన్నీ మారిపోయేవి. బ్రౌను పనిలో ఎక్కువ భాగం ఈ మూడింటి మధ్య రాకపోకలతోనే గడిచింది.

బాల్యం, విద్యాభ్యాసం

బ్రౌను కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, బహుభాషావేత్త. కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలకు ఆయన తొలి అధ్యక్షుడు. ఇంటిలోనే బ్రౌనుకు హీబ్రూ, అరబిక్, పర్షియన్, హిందుస్తానీ వంటి భాషలతో పరిచయం కలిగింది. 1812లో తండ్రి మరణించిన తరువాత కుటుంబం ఇంగ్లండుకు వెళ్ళిపోయింది. అక్కడ హేలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగానికి కావలసిన శిక్షణ పొంది, 1817లో మద్రాసు చేరుకున్నాడు.

తెలుగుతో పరిచయం మద్రాసులోనే మొదలయింది. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పే ఫోర్టు సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద ఈయన తెలుగు అక్షరాలు దిద్దాడు. అప్పటికి అచ్చయిన తెలుగు పుస్తకాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవే. 1746లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ తెలుగులో మతగ్రంథాలు అచ్చువేయించాడు. 1814లో శ్రీరాంపురంలో విలియం కేరీ వ్యాకరణం, 1816లో మద్రాసులో ఎ.డి.కాంబెల్ వ్యాకరణం వెలువడ్డాయి. తెలుగు కావ్యం చదవాలంటే మాత్రం తాటాకు కట్ట విప్పక తప్పేది కాదు.

కచ్చేరీ రాత, గ్రంథాల రాత

1820లో బ్రౌను కడపలో కలెక్టరు హాన్బరీకి సహాయకుడిగా ఉద్యోగంలో చేరాడు. తరువాత మచిలీపట్నంలోను, రాజమండ్రిలోను పనిచేశాడు. ఉద్యోగంలో ఎదురైన తెలుగు కాగితం మీద ఉండేది. అర్జీలు, వాఙ్మూలాలు, లెక్కలు గొలుసుకట్టు రాతలో, అక్షరం నుండి అక్షరానికి కలం ఎత్తకుండా రాసినవి. వాటి నిండా పర్షియన్, హిందుస్తానీ, మరాఠీ మాటలు. కళాశాలలో నేర్చిన తెలుగుతో వాటిని చదవడం సాధ్యం కాదు. అదే విధంగా కచ్చేరీ కాగితాలు తడుముకోకుండా చదివే గుమాస్తా తాటాకు మీది వసుచరిత్ర చదవలేడు. ఒకే భాషకు రెండు లోకాలు ఏర్పడ్డాయి. ఒక లోకంలో జీతం, రెండవ లోకంలో కావ్యం.

ఈ రెంటిలో ఏదో ఒకదానితో సరిపెట్టుకోవడం నాటి దొరల పద్ధతి. బ్రౌను రెంటినీ పట్టుకున్నాడు. చాలా కాలం తరువాత 1852లో ఈయన ప్రకటించిన తెలుగు వాచకంలో కావ్యభాగాలకు బదులు సొంత ఉత్తరాలు, వ్యాపారపు జాబులు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు ఉండటానికి కారణం ఈ అనుభవమే. అదే సంవత్సరం కచ్చేరీ మాటలను రోమను లిపిలో వివరిస్తూ జిల్లా నిఘంటువును అచ్చువేశాడు. 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకంగా ప్రచురించాడు. పండితులు ఈ మాటలను తెలుగుగా లెక్కించేవారు కారు. వాటిని నిఘంటువుకు ఎక్కించడం చిన్న విషయం కాదు.

గోదావరి సీమలో తాటాకు

బ్రౌను ఉద్యోగం చేసిన నాటి రాజమండ్రి జిల్లాలో గోదావరి పాయల నడుమ ఉన్న అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు కూడా కలిసి ఉండేవి. 2022లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన కోనసీమ ఇదే. వేదాధ్యయనానికి పేరుపొందిన అగ్రహారాలు గల ఈ సీమలో చేలగట్ల మీద తాటిచెట్లకు కొదవ లేదు. గ్రంథం రాయడానికి లేత ఆకులను తెచ్చి, ఈనెలు తీసి, ఒకే కొలతకు కోసి, నీటిలో ఉడికించి, నీడన ఆరబెట్టి, నునుపు చేసేవారు. మరింత వెడల్పైన, మెత్తని ఆకు కావాలంటే శ్రీతాళం వాడేవారు. ఆకును ఎడమచేతిలో పట్టుకొని గంటంతో గీస్తే అక్షరం కంటికి సరిగా ఆనదు. పసరు, దీపపు మసి పూసి తుడిచిన తరువాతే నల్లగా తేలుతుంది. ఆకులకు రంధ్రం చేసి, తాడు దూర్చి, పైన కింద చెక్కలు పెట్టి, గుడ్డలో చుట్టి అటకపై భద్రపరచేవారు.

తాటాకు అల్పమైన సాధనమేమీ కాదు. తగినట్లు చూసుకుంటే రెండు మూడు వందల ఏళ్ళు నిలుస్తుంది. నాటి నాసిరకం కాగితం కన్నా ఎంతో గట్టిది. అయితే గోదావరి లంకల తేమగాలిలో పురుగు, చెదలు, బూజు దానిని తొందరగా పట్టుకుంటాయి. అందువలన తరానికొకసారి ఎవరో ఒకరు కొత్త ప్రతి రాసుకోవాలి. ఆ రాసేవారు లేకపోతే గ్రంథం అక్కడితో ఆగిపోతుంది. వరదలు, ఉప్పెనలు సరేసరి. కోనసీమకు ఉత్తరాన ఉన్న కోరంగి రేవును 1839 నవంబరులో ముంచెత్తిన ఉప్పెన వంటిది వచ్చినప్పుడు, ఇంటిలో ఉన్న ఒకే ఒక ప్రతి నీటిపాలైతే మళ్ళీ దొరికే మార్గం లేదు. కంపెనీ పాలనలో జమీందారుల ఆదరణ సన్నగిల్లి, ప్రతులు రాయించేవారు తగ్గిపోయిన రోజులవి. బ్రౌను తొందరకు కారణం ఇక్కడ ఉంది.

వేమన పద్యాలు

ఫ్రెంచి మతబోధకుడు దుబాయ్ హిందువుల ఆచారాలపై రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన చూసి, 1824 ప్రాంతంలో బ్రౌను ఆ పద్యాల సేకరణ మొదలుపెట్టాడు. పండితులు వేమనను కవిగా అంగీకరించేవారు కారు. వేమన పద్యాలు ఇంటింటా నోటిలో ఉన్నవి, ఏ రెండు ప్రతులలోను ఒకే తీరుగా ఉండనివి. ఒకే పద్యానికి నాలుగు రూపాలు, ఇతరుల పద్యాలకు వేమన మకుటం తగిలించినవి కుప్పలుగా వచ్చిపడ్డాయి.

ఇక్కడే తాటాకు పరిమితి బయటపడింది. తాటాకు ప్రతిలో పదాల మధ్య ఖాళీ ఉండదు. పద్యపాదాలు విడివిడిగా ఉండవు. ఎకార, ఒకారాల హ్రస్వదీర్ఘ భేదం చాలా ప్రతులలో కనిపించదు. పాఠాంతరం రాసుకోవడానికి అంచులో చోటు చాలదు. ఒకచోట తప్పు గీస్తే ఆ గీత పోదు. ఒంటరిగా కూర్చుని చదువుకోవడానికి, ఎదుటివారికి చదివి వినిపించడానికి తాటాకు చక్కగా సరిపోతుంది. పది ప్రతులను ఎదురెదురుగా పెట్టి పోల్చడానికి మాత్రం పనికిరాదు. అందువలన ఒక్కొక్క ప్రతిని కాగితం మీదికి ఎత్తి రాయించి, పద్యాలకు వరుస సంఖ్యలు వేయించి, అకారాది సూచికలు తయారుచేయించి, అప్పుడు పోల్చి చూశాడు. 1829లో మద్రాసులో అచ్చయిన మొదటి సంపుటిలో 693 పద్యాలు, ఇంగ్లీషు అనువాదం ఉన్నాయి. 1839లో వచ్చిన రెండవ ముద్రణలో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది. అంతకు ముందే 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సుపై ఒక పుస్తకం ప్రకటించాడు. ఛందస్సు తెలియనిదే ప్రతిలోని తప్పు ఏదో, ఒప్పు ఏదో పట్టుకోవడం కుదరదు గనుక ఈ క్రమం సహజమైనదే.

కడప బంగళా, పని పద్ధతి

1826 ప్రాంతంలో బ్రౌను కడపలో విశాలమైన తోటతో కూడిన బంగళా కొని, అక్కడ పండితులను, లేఖకులను పెట్టి గ్రంథ పరిష్కరణ కేంద్రం నడిపాడు. దీనిని బ్రౌను కాలేజీ అని పిలిచేవారు. దీని నిర్వహణ అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసుకునేవాడు. మచిలీపట్నంలోను ఇటువంటి కేంద్రమే నడిచింది. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మ శాస్త్రి ఈయన వద్ద పనిచేసిన పండితులలో ముఖ్యులు.

పని ఒక పద్ధతి ప్రకారం సాగేది. ఊరూరా తిరిగే మనుషుల ద్వారా ఒకే కావ్యానికి సాధ్యమైనన్ని తాటాకు ప్రతులు తెప్పించేవాడు. వాటిని లేఖకులు కాగితం మీద ఎత్తి రాసేవారు. ఒకరు చదువుతుండగా మిగిలినవారు తమ ప్రతులలో తేడాలు చెప్పేవారు. పండితులు తర్కించి సరైన పాఠం నిర్ణయించేవారు. చివరి మాట బ్రౌనుది. తరువాత శుద్ధప్రతి తయారయ్యేది, దానికి టీక రాసేవారు. ఇంత చేసినా అచ్చు దగ్గర మళ్ళీ మొదటికి వచ్చేది. అచ్చుకు పదాల మధ్య విరుపు కావాలి, పాదవిభజన కావాలి, విరామచిహ్నాలు కావాలి. తాటాకులో లేనివన్నీ ఎవరో ఒకరు నిర్ణయించి చేర్చాలి. ఒక సంధి ఎక్కడ విరిగిందో తేల్చడమంటే పద్యానికి ఒక అర్థం ఖాయం చేయడమే. శ్లేషలతో నిండిన వసుచరిత్ర వంటి కావ్యంలో ఇది ఎంత చిక్కో వేరే చెప్పనక్కరలేదు. అప్పయ్య శాస్త్రి వ్యాఖ్యతో వసుచరిత్ర 1844లో, మనుచరిత్ర 1851లో వెలువడ్డాయి.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. పలు ప్రతుల నుండి మేలైన పాఠాలు ఏరి ఒకే పాఠంగా కూర్చినప్పుడు, ఏ మాట ఏ ప్రతిలోనిదో తరువాతివారికి తెలియకుండా పోతుంది. నేటి పరిష్కర్తలు అధస్సూచికలలో ప్రతిభేదాలు చూపడం ఇందుకే. అయినా నాడు బ్రౌను ముందున్న ప్రశ్న పాఠం శుద్ధంగా ఉంటుందా అన్నది కాదు, అసలు ఉంటుందా అన్నది.

జీతాలు, కాగితం, సేకరణ ఖర్చు అన్నీ ఈయన సొంత జీతం నుండే భరించాడు. చాలక అప్పులు చేశాడు. ఆ అప్పులు చాలా ఏళ్ళు ఈయనను వెంటాడాయి. వివాహం చేసుకోలేదు.

కరువు, లండను, తిరిగి మద్రాసు

1832-33లో గుంటూరు సీమను దారుణమైన కరువు కబళించింది. ప్రజలు దానిని డొక్కల కరువు అన్నారు. అధికారులు మెత్తని మాటలు వాడుతున్న సమయంలో బ్రౌను తన నివేదికలలో దానిని కరువుగానే పేర్కొని పైవారి ఆగ్రహానికి గురయ్యాడు. 1834లో ఉద్యోగం కోల్పోయి ఇంగ్లండు వెళ్ళాడు. ఆ కాలం కూడా వృథా కాలేదు. లండనులోని కంపెనీ గ్రంథాలయంలో, డాక్టర్ లేడెన్ సేకరించగా ఎవరూ పట్టించుకోకుండా పడివున్న 2106 దక్షిణ భారత భాషల గ్రంథాలను గుర్తించాడు. ఆ తరువాత అవి మద్రాసు చేరాయి. సముద్రం దాటి వెళ్ళిన తాటాకులు తిరిగి రావడం అరుదైన విషయం.

1837లో ప్రభుత్వ పర్షియన్ అనువాదకుడిగా మళ్ళీ మద్రాసు వచ్చాడు. 1840లో వ్యాకరణం ప్రకటించాడు. 1845లో తన సేకరణను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. తరువాతి కాలంలో పోస్టుమాస్టరు జనరలుగా, తెలుగు అనువాదకుడిగా పనిచేశాడు.

నిఘంటువు

తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘం వారి ముద్రణాలయంలో అచ్చయింది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన సంవత్సరం కూడా అదే. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూడా ఆ రోజులలోనే వెలువడింది.

ఈ నిఘంటువు విలువ మాటల సంఖ్యలో కన్నా ప్రయోగాలలో ఉంది. మాట పక్కనే అది ఏ కావ్యంలో, ఏ ఆశ్వాసంలో, ఎన్నవ పద్యంలో వచ్చిందో అనేక చోట్ల చూపించాడు. తాటాకు ప్రతులపై ఆధారపడి ఇటువంటి నిఘంటువు రాయడం దాదాపు అసాధ్యం. ఒక ప్రతిలో పదవ ఆకు మీద ఉన్నది మరొక ప్రతిలో పదిహేనవ ఆకు మీద ఉంటుంది. పద్యాలకు సంఖ్యలు వేసి కాగితం మీద ఎత్తి రాయించిన ప్రతులే ఈ పనికి ఆధారం. పాతికేళ్ళ కిందట కడపలో లేఖకులు చేసిన చాకిరీ ఇక్కడ ఫలించింది. కావ్యాల మాటల పక్కనే వంటింటి మాటలు, పొలం మాటలు, తిట్లు, సామెతలు కూడా చేరాయి.

అక్షరాల విషయంలో బ్రౌను నిర్ణయాలు వివాదాస్పదమయ్యాయి. అరసున్న, బండి ర నాటి ఉచ్చారణలో లేవని వాదించి, వాటిని చాలావరకు పక్కన పెట్టాడు. దంత్య చ, జలను వేరుగా చూపడానికి ప్రత్యేకమైన గుర్తులు వాడాడు. అదే మద్రాసులో పరవస్తు చిన్నయ సూరి 1858లో బాలవ్యాకరణం ప్రకటించి సంప్రదాయ లిపిని, గ్రాంథిక భాషను నిలబెట్టాడు. పాఠశాలలలో సూరి మాటే చెల్లింది. నేటి అచ్చు తెలుగులో అరసున్న, బండి ర కనిపించకపోవడం చూస్తే, ఈ ఒక్క విషయంలో కాలం బ్రౌను వైపు మొగ్గిందని చెప్పవచ్చు.

చివరి సంవత్సరాలు

అనారోగ్యం వలన 1854లో ఉద్యోగం నుండి విరమించుకొని, 1855లో లండను చేరాడు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. తన సాహిత్య జీవితాన్ని గురించి చిన్న పుస్తకం రాసుకున్నాడు. 1884 డిసెంబరు 12న 86 ఏళ్ళ వయసులో మరణించాడు. సమాధి లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉంది.

తరువాతి కాలంలో

నిఘంటువు రెండవ ముద్రణ 1903లో వచ్చింది. ఎం.వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్.కాంబెల్, కందుకూరి వీరేశలింగం దానిని సవరించారు. షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల ప్రాజెక్టులో భాగంగా ఈ ముద్రణను కంప్యూటరుకు ఎక్కించింది. సవరించిన ప్రతి గనుక అందులోని ప్రతి మాటా బ్రౌనుదేనని భావించరాదు.

ఈ చివరి బదిలీలోనూ పాత చిక్కే మరో రూపంలో ఎదురయింది. తొలినాళ్ళ తెలుగు డీటీపీ ఖతులలో ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క సంకేతం. ఒక యంత్రంలో కూర్చిన పుస్తకం మరొక యంత్రంలో అర్థంలేని గుర్తులుగా కనిపించేది. విండోస్ నుండి మాక్‌కు, మాక్ నుండి విండోస్‌కు మారే ముద్రాపకులు, పాత్రికేయులు, అనువాదకులు చేసిన పనినే మళ్ళీ చేయవలసి వచ్చేది. యూనికోడు వచ్చిన తరువాత అక్షరానికి అన్ని యంత్రాలలోనూ ఒకే సంఖ్య ఏర్పడింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి లభించగా, మాక్‌లో తెలుగు స్వయంగా అమరడానికి మరికొన్ని ఏళ్ళు పట్టింది. ఆనాటి లేఖకుని వలె ఈనాటి వాడుకరి కూడా పాత ఖతిలోని పాఠాన్ని కొత్త సంకేతంలోకి మార్చిన తరువాత వత్తులు, పొల్లులు ఒక్కొక్కటిగా సరిచూసుకోవలసిందే.

బ్రౌను లేఖలను, సాహిత్య జీవిత కథను వెలికితీసి ప్రచురించడంలో బంగోరె (బండి గోపాలరెడ్డి) కృషి ప్రధానమైనది. కడపలో ఈయన బంగళా ఉన్న స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో సి.పి.బ్రౌన్ స్మారక గ్రంథాలయం వెలిసింది. అక్కడ కూడా తాళపత్రాలు సేకరించి భద్రపరుస్తున్నారు. బ్రౌను రాయించిన కాగితపు ప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. తెలుగు కావ్యాల పరిష్కర్తలు ఆ ప్రతులను ఇప్పటికీ సంప్రదిస్తుంటారు.